వరుసలో మొదటి జీపు

మహబూబాబాదు,
27-11-1983

వదినా,

రెండు నెలల నుంచి ఉత్తరం లేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. కానీ ఈ ఉత్తరం మాత్రం తలుపు గడియ పెట్టుకుని చదువు. చదివాక పొయ్యిలో పెట్టు. మా అన్న చేతికి దొరికిందంటే నీకూ నాకూ బళ్లో చదివేనాటి నుంచి ఉన్న దోస్తానా ఇక అంతే.

అన్న పంపిన క్లబ్బు ఉత్తరం నిన్న వచ్చింది. డిసెంబరు ఇరవైఐదు ఆదివారం పొద్దున్నే అయిదు జీపులు మా దుకాణం ముందు కలవాలట. గూడూరు దాటి అడవి బాట పట్టాలట. రాత్రికి వాగు అవతల గుడారాలు వేసుకుని, మర్నాడు భూపాలపల్లి చేరాలట. ఈసారి ఆడవాళ్లూ రావచ్చట! మూడేళ్లుగా మగవాళ్లే పోయి మాడిన అన్నం తిని వస్తున్నారు. ఇంటికొచ్చి చెప్పడం మాత్రం పులిని చంపి వచ్చినట్టు. మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత జీపులు కొని, రోడ్డు లేని చోటే నడపాలని క్లబ్బు పెట్టుకున్న షావుకార్లు ఇంకెక్కడన్నా ఉంటారా? పొద్దంతా కాంటా ముందు కూర్చునేవాళ్లకు ఈ పిచ్చి ఎట్లా పట్టిందో. నిజం చెప్పాలంటే నాకూ పట్టింది.

ఉత్తరం కింద జీపుల వరుస రాశాడు అన్న. పెళ్లిలో తాంబూలాలు ఇచ్చే వరుసే. ఎవరి దుకాణం పాతదైతే వాళ్ల జీపు ముందు. మా దుకాణం మామగారి తాత పెట్టింది కనుక మొదటి జీపు మాది. ఇంట్లో అందరూ పొంగిపోయారు. నేను వంటింట్లోకి పోయి పీట మీద కూలబడ్డాను.

ఎందుకో చెప్తున్నా, విను. మీ అన్నయ్యకు, అదే మా ఆయనకు, పొద్దుగూకితే కళ్లు కనిపించవు. రేచీకటి. పెళ్లయిన ఏడాదే పసిగట్టాను. దీపాల వేళ గడప తన్నుకుంటారు, చెంబు పక్కన చెయ్యి పెట్టి తడుముతారు. అడిగితే మొదట కోపం చేశారు, తరువాత నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చారు. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఊళ్లు తిరిగి మిరప, పత్తి చూసి బేరం కుదుర్చుకురావడం ఆయన పని, ఆ జీపు అందుకోసమే ఆయన చేతికిచ్చారు. సంగతి తెలిస్తే మా బావగారు మర్నాడే తాళంచెవి తీసుకుని దుకాణంలో గద్దె మీద కూర్చోబెడతారు. ఆ నాలుగు గోడల మధ్య ఈ మనిషి ఎండిపోతారు వదినా.

మరి సాయంత్రాలు ఇల్లెట్లా చేరుతున్నారంటావా? నేను నడుపుతున్నాను. రెండేళ్లయింది. రైతుల ఆడవాళ్లు పంట సంగతి ఆడవాళ్లకైతేనే నిజం చెప్తారని బావగారికి చెప్పి నన్ను వెంట తీసుకుపోతారు. వచ్చేటప్పుడు మరిపెడ దాటాక స్టీరింగు నాది. ఇక్కడ రైలు గేటు దగ్గర వీధి దీపాలు మొదలవగానే మళ్లీ ఆయనది. అరవైతొమ్మిదిలో తెలంగాణ గొడవలకు బడులు మూతపడ్డప్పుడు ఖాళీ ఆవరణలో సైకిలు నేర్చుకున్నాం చూడు, అంతకంటే ఇది సులువే.

ఇప్పుడు అడవిలో మొదటి జీపు! ముందు దారి చూపే బండి లేదు, వెనక నాలుగు బండ్ల పిల్లాజెల్లా ఆయన చక్రాలనే నమ్ముకుని వస్తారు. చీకటి పడితే ఏమవుతుంది? నువ్వే ఏదో ఒకటి చెప్పి అన్న చేత మా జీపును రెండోదో మూడోదో చేయించు. కారణం మాత్రం చెప్పకు. నా మీద ఒట్టు.

నీ
లీల


జనగామ,
4-12-1983

ఓసి గుండెలు తీసిన లీలా,

రెండేళ్లా! రెండేళ్ల నుంచి జీపు నడుపుతూ నాకు ముక్క చెప్పలేదు! మొన్న దసరాకు వచ్చి నా పక్కన పడుకుని తెల్లారేదాకా చీరల ముచ్చట చెప్పావు గానీ ఈ ముచ్చట నోట్లోంచి రాలేదు. ముందు దానికి కోపం. తరువాత ఉత్తరం మళ్లీ చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఆ తరువాత పొయ్యిలో పెట్టాను. ఇంత ధైర్యం నీకు ఎక్కడిదే? మార్కెట్ యార్డులో ఎద్దు కనిపిస్తే నా వెనక దాక్కునేదానివి.

మీ అన్నను అడిగాను. నీ ఉత్తరం అందిన రాత్రే అన్నం పెడుతూ మెల్లగా, "సోమేశ్వర్ అన్నయ్య బండి రెండోది పెట్టరాదా" అన్నాను. ముద్ద కింద పెట్టేశాడు. "నీకేమన్న మతి పోయిందా భాగ్యా? మా బావ బండిని నేను వెనక్కి జరుపుతనా? ఆయన ఇంటి ముందట నిలబడి? ఇంక నా చెల్లె ఆ ఇంట్ల ఎట్ల తలెత్తుకోవాలె?" అన్నాడు. చూశావా, నీ కోసం అడిగితే నీ కోసమే కాదన్నాడు.

ఆ వరుస పుట్టిందే కొట్లాటలోంచి. మొదటి ఏడు మరిపెడ బట్టల దుకాణం కట్టయ్యగారు నా బండి ముందంటే నా బండి ముందని అడ్డం తిప్పి పెట్టారు. ఎవరూ కదలక అందరూ మధ్యాహ్నందాకా ఎండలో నిలబడ్డారు. అప్పుడు మీ అన్న ఈ నియమం తెచ్చాడు. దానికి తోకగా ఇంకొకటి: వాగు వస్తే మొదటి బండి ఇంటి మనిషే ముందు నీళ్లలో దిగి అవతలి ఒడ్డుదాకా నడవాలి. ఆ అడుగుల వెంట బండి పోవాలి. పెద్దరికం కావాలన్న ఇల్లే తడవాలి కూడా అన్నమాట. అప్పటి నుంచి కట్టయ్యగారు నోరెత్తలేదు.

నా మాట వింటావా? అన్నయ్యనే చెప్పుకోమను. దొంగతనం చేశాడా, ఒకరి కొంప ముంచాడా? కళ్లు ఆయన చేసుకున్నవి కావు కదా.

నేను వచ్చి నీ పక్కన కూర్చుందామంటే, ఆ మర్నాడే బావి గచ్చు మీద జారి కాలికి పట్టీ కట్టించుకున్నాను. నెల రోజులు మంచమే. ఈ ఊరి ఆడవాళ్లంతా వచ్చి పరామర్శిస్తూ నా ఇంట్లో చాయ్‌పత్తా అంతా తాగిపోతున్నారు.

నీ వదిన
భాగ్యలక్ష్మి


మహబూబాబాదు,
13-12-1983

వదినా,

చెప్పుకోమనడం నీకు సులువు. నీ మాట ఆయనకు చెప్పాను. మూడో రోజు, "చెప్పినంక జనం నా మొహం చూడరు లీలా, నా కండ్లే చూస్తరు" అన్నారు.

మా బావగారు రామచందర్ నీకు తెలుసు కదా. చెడ్డవారు కాదు. తండ్రి పోయాక తమ్ముణ్ని భుజాన మోసి పెంచారు. కానీ ఆయన దగ్గర మాటంటే మాటే, లెక్కంటే లెక్కే. ఈ ఇంటి పద్ధతి ప్రకారం బావ మరదలితో నేరుగా మాట్లాడకూడదు. తొమ్మిదేళ్లలో ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను ఎదుట నిలబడి ఉన్నా, "మంచినీళ్లు ఇయ్యమని చెప్పు" అని గోడకు చెప్తారు. అట్లాంటి మనిషి ముందు నేను స్టీరింగు పట్టుకోవడమా? ఆయన కూడా మా జీపులోనే వస్తున్నారు, వెనక సీటులో.

అయినా లెక్కేసుకున్నాను. పొద్దెక్కి ఏడింటికి బయలుదేరతాం. ఎంత నెమ్మదిగా పోయినా మూడున్నర, నాలుగింటికల్లా వాగు దాటి గుడారాలు వేస్తాం. పట్టపగలు ఆయన అంత బాగా నడిపేవాళ్లు క్లబ్బులోనే లేరు. ఆయన నడుపుతుంటే చూడాలి నువ్వు. రాళ్ల మీద పోతున్నా ఒళ్లో గిన్నెలోని చారు తొణకదు. చీకటి పడ్డాక మంట ముందు కూర్చోబెట్టి, చెంబు నుంచి పళ్లెందాకా అన్నీ నేనే చేతికందిస్తాను. మర్నాడు వెలుగులో భూపాలపల్లి. ఎవరికీ ఏమీ తెలియదు.

కనుక భయం తీసేశాను. నువ్వు కూడా తీసెయ్యి. నీ కాలు జాగ్రత్త.

నీ
లీల


జనగామ,
23-12-1983

లీలా,

పోస్టులో వేస్తే అందదని మన హమాలీ పెద్దులు చేత రైలుకు పంపిస్తున్నా.

పంతులుగారు పంచాంగం చూసి ఆదివారం పొద్దున వర్జ్యం ఉందన్నారు. కొత్త ప్రయాణం, ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు, పన్నెండున్నర దాటాకే కొబ్బరికాయ కొట్టాలన్నారు. అయిదు ఇళ్ల వాళ్లూ తలూపారు. వర్జ్యంలో దుకాణం తాళం కూడా తీయనివాళ్లు జీపు తీస్తారా? అడవిలో చీకటి పడుతుందని ఒక్కరికీ తట్టలేదు. నేను నోరు తెరిస్తే, "మంచం మీద ఉన్న దానివి నీకెందుకు" అన్నారు.

పన్నెండున్నరకు బయలుదేరితే వాగు దగ్గరికి ఎప్పుడు చేరతారు? నువ్వే చెప్పు. ఏదో ఒక వంక పెట్టి ఆగిపోండి. కడుపునొప్పి అను. నాకు అన్నం పోవడం లేదు.

భాగ్య


భూపాలపల్లి,
26-12-1983, రాత్రి

వదినా,

బతికే ఉన్నాం. అందరం. ముందు ఆ మాట చదువుకుని ఊపిరి పీల్చుకో.

ఇక్కడ అన్నకు తెలిసినవాళ్ల ఇంట్లో దిగాం. అందరూ ఒళ్లు తెలియకుండా పడుకున్నారు. నాకు నిద్ర రావడం లేదు, నీకు రాస్తే గానీ రాదు.

కడుపునొప్పి వంక చెప్పబోయాను. మీ అన్నయ్యే, "వద్దు, పోదాం" అన్నారు. పన్నెండూ నలభైకి కొబ్బరికాయ కొట్టాం. మా వెనక అన్న జీపు, దాని వెనక మిగతా మూడు, వాటిలో చిట్టచివరిది కట్టయ్యగారిది. గూడూరులో ఠాణాలో చెప్పి, తండా నుంచి ధర్మా అనే పెద్దాయనను దారి చూపడానికి ఎక్కించుకున్నాం. ఆయన బావగారి పక్కన కూర్చున్నాడు.

అడవి బాట మొదట్లో ఎంత బాగుందనుకున్నావు! టేకాకులు చక్రాల కింద పటపటలాడుతున్నాయి. బండ్ల జాడలు మోకాలి లోతు. మీ అన్నయ్య ఒక చక్రం గట్టు మీద, ఒక చక్రం నడిమి తిప్ప మీద పెట్టి నడిపించుకుపోయారు. ధర్మా కూడా, "ఎడ్లబండి తోలినట్టె తోలుతున్నడు షావుకారి" అన్నాడు. అంతలో నాలుగో జీపు జాడలో దిగబడింది. అన్నీ ఆపి ఖాళీ గోనె సంచులు చక్రాల కింద పరిచారు. వెనక చక్రం దాటిన సంచి తీసి ముందర వేయడం, మళ్లీ దాటింది తీసి వేయడం. గోనె సంచికి లోటా మనకు? బయటికి లాగేసరికి గంట పోయింది.

అయిదున్నరకు పొద్దు చెట్ల వెనక్కి పోయింది. ఆయన స్టీరింగు మీదికి వంగడం మొదలుపెట్టారు. నేను ఆయన ఎడమ చెయ్యి పట్టుకున్నాను. లాగితే ఎడమకు, నెడితే కుడికి, గిల్లితే గుంత. అట్లా అరమైలు పోయాం. వెనక బావగారు దగ్గారు. మొహం తిప్పుకున్నారు. పెద్దల ముందు మొగుడి చెయ్యి పట్టుకుని సరసాలాడుతున్నాననుకున్నారు, పాపం! నాకు సిగ్గూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

వాగు ఒడ్డుకు చేరేసరికి చీకటి పడింది. మేం దిగాల్సిన మైదానం అవతలి ఒడ్డున. వెనక నుంచి అన్న జీపు హారన్ మోగింది, ఒకసారి, రెండుసార్లు. ఈయన ఇంజను ఆపేశారు. నేను మెల్లగా, "దించండి, చెయ్యి పట్టుకునే ఉంటా" అన్నాను. తల అడ్డంగా ఊపారు.

కిందికి దిగారు. దిగుతూ రాయి తన్నుకుని ముందుకు తూలారు, జీపు పట్టుకుని నిలబడ్డారు. వెనక బండ్ల వాళ్లంతా దిగి వచ్చారు. అప్పుడు వాళ్లందరి ముందు, అన్న ముందు, బావగారి ముందు అన్నారు కదా:

"నాకు పొద్దుగూకితే కండ్లు కనపడయి. చిన్నప్పటి సందే. ఇన్నేండ్లు దాచిన. ఇగ దాచి మీ పిల్లల్ని నీళ్లల్ల దించలేను."

వదినా, పెళ్లిలో గుర్రమెక్కి వచ్చినప్పుడు చూశాను, పొలాల్లో రైతులు చుట్టూ మూగి నవ్వుతుంటే చూశాను. అంత పెద్ద మనిషిగా ఎన్నడూ చూడలేదు. తల వంచలేదు.

మొదట నోరు విప్పింది కట్టయ్యగారే. "అయితే నా బండి ముందుకు తీస్త" అన్నారు. అన్న అడ్డం నిలబడ్డాడు. "వరుస బండిది, మనిషిది కాదు. మొదటి బండి గీడనే ఉంటది. ఎవరు నడపాల్నో ఆ ఇంటోళ్లు చెప్పుకుంటరు."

"లీల నడుపుతది" అన్నారు ఈయన.

బావగారి మొహం చీకట్లో కనిపించలేదు. "ఆమెకు వస్తదా అడుగు" అన్నారు, ఎప్పటిలాగే గోడకు చెప్పినట్టు. అక్కడ గోడ కూడా లేదు.

"రెండేండ్ల సంది నన్ను రోజూ ఇంటికి తెస్తున్నది ఆమెనే అన్నా."

బావగారు చెప్పులు దులుపుకుని పోయి జీపు ఎక్కారు. ఈసారి వెనక కాదు, ముందు సీటులో. అదే ఆయన జవాబు.

ఇక వాగులో నడవడం మిగిలింది. ధర్మా పంచె ఎగ్గట్టి, "నేను పోత షావుకారి, నాకు ఎరుకే" అన్నాడు. ఈయన ఒప్పుకోలేదు. "మొదటి బండి ఇంటి మనిషే నడవాలె. నీళ్లల్ల లోతు కండ్లకు కనపడతదా తాతా, కాళ్లకు ఎరుకైతది గని" అని కర్ర తీసుకుని దిగారు. నేను లైట్లు వేశాను. ఆ వెలుతురులో ఆయన తెల్ల చొక్కా ఒక్కటే నాకు కనిపిస్తోంది, ఆయనకు అదీ కనిపించదు. కర్రతో ఒకటి, కాలితో ఒకటి, ఇసుక గట్టిగా ఉన్న చోటు వెతుక్కుంటూ, "రా! ... కుడికి! ... ఆగు! ... ఇగ రా!" అని అరుస్తూ నడిచారు. ఒక చోట తొడలదాకా దిగబడ్డారు. నా ప్రాణం పోయింది. వెనక్కి వచ్చి ఇంకో పక్క తడిమి మళ్లీ నడిచారు.

నేను చిన్న గేరులో ఆయన వెనకే పోనిచ్చాను. సగం దాటాక ఎడమ చక్రం కింద ఇసుక కుంగింది. బండి ఒరిగింది. నా చెయ్యి గేరు మీదికి పోయింది. అప్పుడు పక్క నుంచి ఒక అరుపు:

"గేరు ముట్టకు బిడ్డా! అట్లనే పోనియ్! పోనియ్!"

బావగారు వదినా! నాతో! తొమ్మిదేళ్లకు! ఆ ఆశ్చర్యానికే కాలు యాక్సిలేటరు మీద గట్టిగా పడిందేమో, బండి ఒక్క ఊపున ఇసుకలోంచి లేచింది. ఒడ్డెక్కి బండి ఆపాను. ఈయన తడి బట్టలతో వణుకుతూ ఎక్కడో చూస్తూ, "వచ్చినవా?" అన్నారు. "వచ్చిన" అన్నాను.

తరువాత మూడు జీపులు మా చక్రాల జాడలోనే వచ్చాయి. కట్టయ్యగారు మాత్రం నాకు దారి తెలుసని పక్క నుంచి దించి నడిమిట్లో ఇరుక్కున్నారు. తాడు కట్టి లాగింది ఎవరనుకున్నావు? నీ ఆడబిడ్డే. ఒడ్డెక్కాక ఆయన నాకు దండం పెట్టబోయి, మధ్యలో ఆడదాన్నని గుర్తొచ్చి మీసం సవరించుకున్నారు.

నిద్రొస్తోంది. ఇంటికి పోయాక ఏమవుతుందో తెలియదు. బావగారు పొద్దున్నుంచి మళ్లీ గోడకే చెప్తున్నారు.

నీ
లీల


జనగామ,
3-1-1984

లీలా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు ఒంటరిగా, ఒకసారి పరామర్శకు వచ్చిన అమ్మలక్కలందరికీ వినిపించేలా. కాలు విరిగి ఇంట్లో పడి ఉన్నందుకు నన్ను నేను తిట్టుకున్నంత ఇంకెవరినీ తిట్టలేదు. వాగులో జీపు నడిపే నా ఆడబిడ్డను చూసే భాగ్యం లేనప్పుడు పేరు భాగ్యలక్ష్మి అయితే ఏం లాభం?

ఇప్పుడు నేను ఒకటి చెప్పాలి. చెప్పి తిట్లు తింటాను. నీ మీద ఒట్టు తప్పాను.

పెద్దులు చేత నీకు చీటీ పంపాక నాకు ఊపిరాడలేదు. ఆ రాత్రి మీ అన్నను నిద్ర లేపి అంతా చెప్పేశాను. తప్పే. కానీ నా ఒట్టు కంటే మీ ప్రాణాలు పెద్దవనుకున్నాను. ఆయన లేచి కూర్చున్నాడు. "వర్జ్యం గీరుజ్యం పక్కన పెట్టి పొద్దున్నే బయలుదేరండి, లేదంటే వరుస మార్చండి" అన్నాను. "అయిదిండ్లు ఒప్పుకున్న ముహూర్తం నేనొక్కణ్ని మారుస్తనంటే ఎందుకని అడుగుతరు, అప్పుడేం చెప్పాలె?" అన్నాడు. వరుసకూ ఒప్పుకోలేదు. నేను ఎన్ని మాటలన్నానో! రాయివన్నాను. చెల్లెలి బతుకు కంటే క్లబ్బు ఎక్కువైందా అన్నాను. మర్నాడు మంచం దగ్గరికి అన్నం తెస్తే ముట్టలేదు.

అప్పుడన్నాడు. "నేను బండి వెనక్కి జరిపితే బావ పెద్దరికం నేను గుంజుకున్నట్టయితది. ఆయన నోటితోని ఆయననే చెప్పుకుంటె ఎవడూ తక్కువ చెయ్యడు. నేను ఆయన వెనకనే ఉంట భాగ్యా. ఒడ్డు మీద ఆయన ఆపకపోతే నేనే ఆపుత. నా ఇంజను చెడిపోయిందని అబద్ధం చెప్పి రాత్రంత అందర్ని ఈవలి ఒడ్డునే కూసోవెడత."

ధర్మాను ముందే పిలిపించింది కూడా అందుకే. నువ్వు రాసిన ఆ హారన్, బండి దించమని కాదు. అన్నయ్య ఇంజను ఆపకుండా కూర్చుంటే, వాగులోకి దించబోతున్నాడనుకుని మీ అన్న చెయ్యి హారన్ మీద పడిందట. ఇంటికొచ్చి చెప్తూ మీ అన్న కళ్లు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన కళ్లు తుడుచుకోవడం మొదటిసారి చూశాను. ఇప్పుడు రాయి అనడం లేదు లే.

ఒట్టు తప్పినందుకు నీ ఇష్టమొచ్చిన శిక్ష వెయ్యి. కానీ ఇంట్లో ఏమైందో రాయి. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

భాగ్య


మహబూబాబాదు,
11-3-1984

వదినా,

నీ మీద కోపం వచ్చిన మాట నిజం. ఒక పూట ఉంది. అన్న సంగతి చదివాక అదీ పోయింది. రెండు నెలలు రాయకపోవడానికి కారణం కోపం కాదు, రాయడానికి మంచి మాట లేక.

భయపడ్డదే జరిగింది. వచ్చిన మర్నాడే బావగారు తాళంచెవి తీసుకుని ఇనప్పెట్టెలో పెట్టారు. కోపంగా కాదు, భయంతో. ఈయనను హైదరాబాదు కంటి దవాఖానకు ఆయనే తీసుకుపోయారు. పెద్ద డాక్టరు చూసి, ఇది తిండి లోపం కాదు, పుట్టుకతో కంటి వెనక పొరలో వచ్చింది, మందు లేదు అన్నారు. పగటి చూపు పది పదిహేనేళ్లు ఉండొచ్చు, ఆ తరువాత చెప్పలేం అన్నారు. బావగారు దవాఖాన మెట్ల మీదే కూర్చుండిపోయారట. ఈయనే ఆయనను లేపి, "పదిహేనేండ్లంటె మస్తు గదా అన్నా, అప్పటికి మిరపకాయను వాసనతోనే చెప్త" అన్నారట.

తరువాత నెలన్నర గద్దె. ఈయన పొద్దున కూర్చుంటే సాయంత్రందాకా వీధిలో పోయే బండ్లను చూడడం. అన్నం సగం వదిలేయడం. నేను ఒక్క మాట అనలేదు, అంటే ఇంకా విరిగిపోతారని.

మొన్న బుధవారం మరిపెడ నుంచి కబురొచ్చింది. మిరప కళ్లాల్లో ఉంది, సోమేశ్వర్ వచ్చి చూస్తేనే అమ్ముతామని రైతులు కూర్చున్నారట. బావగారు గుమాస్తాను పంపుతానన్నారు. రైతులు వద్దన్నారు. మధ్యాహ్నం నేను బియ్యం ఏరుతుంటే వంటింటి గుమ్మంలో నీడ పడింది. లేచి నిలబడ్డాను. బావగారు. చేతిలో తాళంచెవి.

"లీలా, బండి తియ్యి. మరిపెడ పోవాలె. తమ్మునికి చెప్పు తయారుకమ్మని."

తమ్ముడికి చెప్పమని నాకు చెప్పారు! నేను బజారు నడిమి నుంచి, పట్టపగలు, కొంగు బిగించుకుని నడుపుకుంటూ పోయాను. దుకాణాల వాళ్లు తక్కెడలు వదిలి బయటికి వచ్చి చూశారు. ఇక పగలు ఆయన, దీపాల వేళ నేను. వరంగల్లుకు పోయి లైసెన్సు తెచ్చుకొమ్మని బావగారే అన్నారు.

ఆ వాగు దాటిన రాత్రి సంగతి ఒకటి నీకు రాయకుండా దాచాను. అది అన్నదమ్ములది, నాది కాదని ఊరుకున్నాను. మొన్న బావగారే దుకాణంలో నలుగురికి చెప్పారట, ఇక దాచడమెందుకు?

వాగు దాటాక అన్నాలు తిని అందరూ ఇసుక మీద గోనె పట్టాలు పరిచి పడుకున్నారు. పైకి చూసి ఒకరి తరువాత ఒకరు "అబ్బ" అంటున్నారు. ఈయన నా చెవిలో, "ఏమున్నదే పైన?" అన్నారు. చుక్కలు అన్నాను. "ఎట్లుంటయి?" అన్నారు. తొమ్మిదేళ్ల కాపురంలో ఈయన చుక్కను చూడలేదని నాకు తట్టనే లేదు. "చిన్నప్పుడు అన్న నన్ను భుజాల మీద ఎక్కించుకొని, అగో పిల్లలకోడి, అగో అని చూపెట్టేటోడు. నాకేం కనపడకపోయేది. అన్న మనసు చిన్నబోతదని, కనపడ్డది కనపడ్డది అనేటోణ్ని" అన్నారు.

నేను ఆయన చెయ్యి ఎత్తి, చూపుడు వేలు పట్టుకుని పిల్లలకోడి చుక్కల గుంపు వైపు తిప్పాను. ఎన్ని పిల్లలున్నాయో లెక్క చెప్తున్నాను. అంతలో అవతల పట్టా మీద పడుకున్న బావగారు లేచారు. నిద్రపోయారనుకున్నాం, అంతా విన్నారు. చీకట్లో వచ్చి తమ్ముడి రెండో పక్కన కూర్చుని, నా చేతిలోంచి ఆయన చెయ్యి తీసుకున్నారు.

"గట్ల కాదు బిడ్డా, జర పైకి" అన్నారు. "తమ్మీ, ఇగ కనపడ్డదని అనకు. నేను మల్ల మొదటి నుంచి చెప్త."

చాలాసేపు ఒక్కొక్క చుక్క దగ్గర ఆ చెయ్యి ఆపి, పక్కన ఏముందో, ఎంత పెద్దదో, ఎంత దూరమో చెప్తూ పోయారు. ఈయన మధ్యలో ప్రశ్నలు అడుగుతూ ఉన్నారు. నేను అటు తిరిగి పడుకున్నాను.

నీ
లీల